కట్టు కుదిరింది, ఎముక కుదరలేదు

తిరుపతి నుంచి మద్రాసు రోడ్డు పట్టుకుంటే రేణిగుంట దాటాక మా వడమాలపేట, ఆ తర్వాత పుత్తూరు. కాలో చెయ్యో విరిగినవాళ్ళను వెనక సీట్లో పడుకోబెట్టుకుని పుత్తూరు కట్టు కోసం మా ఊరి మీదుగా పోయే బండ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఆ వైద్యం గొప్పదా, ఆస్పత్రి గొప్పదా అన్న తగవు ఇక్కడ వద్దు. నాకు కావలసింది అక్కడ జరిగే మొట్టమొదటి పని. పసరు, గుడ్డుసొన, బద్దలు అన్నీ తర్వాత. ముందు కట్టేవాడి వేళ్ళు వాపు మీద నడుస్తాయి. ఎముక ఎక్కడ విరిగింది, ఎటు జరిగింది అని తడిమి తెలుసుకుంటాడు. చోటికి తెచ్చాకే కడతాడు. తడమకుండా కడితే ఏమవుతుంది? కట్టు చక్కగానే కుదురుతుంది. ఎముక కూడా అతుక్కుంటుంది, వంకరగా.

మన పట్టణాల మంచినీటి పైపులకు కంప్యూటర్లో కడుతున్న కట్టు ఈ రెండో రకానిదని నా వాదన.

సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. నీటి సరఫరాకు ‘హైడ్రాలిక్ మోడల్’ అని ఒకటి తయారుచేస్తారు. ఊళ్ళోని పైపుల పొడవు, వ్యాసం, ట్యాంకు ఎత్తు, వీధుల ఎత్తుపల్లాలు, ఏ వీధి ఎన్ని నీళ్ళు వాడుతుందన్న అంచనా, అన్నీ అందులో పోస్తే ఏ మలుపు దగ్గర ఎంత ప్రెజరు ఉండాలో లెక్కగట్టి చెబుతుంది. 1936లో హార్డీ క్రాస్ అనే అమెరికన్ ఆచార్యుడు చేత్తో చేసే పద్ధతి చూపించాడు. 1993లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ‘ఈపీఎనెట్’ను ఉచితంగా వదిలాక ఇంజనీరింగ్ విద్యార్థి కూడా కూర్చుని చేయగల పనయింది. ఆ లెక్క నిజమైన వీధితో సరిపోతుందా అని గేజీలు పెట్టి కొలిచి చూసి, సరిదిద్దడమే క్యాలిబ్రేషన్. దుకాణంలో తక్కెడకు తూనికలు కొలతల శాఖవాళ్ళు ముద్ర వేయడం లాంటిది. ముద్ర లేని తక్కెడతో తూచిన తూకం ఎలాంటిదో, క్యాలిబ్రేషన్ లేని మోడల్ చెప్పే ప్రెజరూ అలాంటిదే. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఇక్కడ మొదలవుతుంది. చాలామంది ఇంజనీర్ల, కన్సల్టెంట్ల నమ్మకం ఇది: కొలిచిన ప్రెజరూ మోడల్ చెప్పిన ప్రెజరూ ఒక మీటరు నీటి ఎత్తో, అయిదు శాతమో తేడాలోపు కలిస్తే మోడల్ నిజమైనట్టే. కలవకపోతే పైపుల గరుకుతనానికి పెట్టిన అంకెను కాస్త అటూ ఇటూ జరిపి కలపాలి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డ గ్రాఫును నివేదికలో అతికిస్తే పని ముగిసింది. ఈ నమ్మకం తప్పు. కొంచెం అజాగ్రత్తో, చాలీచాలని శ్రద్ధో అని సర్దుకుపోయే తప్పు కాదు. ఏ జబ్బు కనిపెట్టడానికి మోడల్ కడతామో ఆ జబ్బును దాచిపెట్టే తప్పు.

లెక్కతోనే చూద్దాం. పైపుల్లో పీడన నష్టానికి మనవాళ్ళు ఎక్కువగా వాడేది హేజెన్–విలియమ్స్ సూత్రం, వయసు నూరేళ్ళు దాటింది. అందులో పైపు లోపలి నునుపును ‘సి’ అనే అంకె చెబుతుంది. కొత్త ఇనుప పైపుకు 130 అనుకుంటే, పాతబడి తుప్పు గడ్డకట్టిన దానికి 100కో అంతకు దిగువకో పడిపోతుంది. పీడన నష్టం అచ్చంగా నీటి ప్రవాహాన్ని ఈ సి తో భాగిస్తే వచ్చే నిష్పత్తిని బట్టి ఉంటుంది. అంటే ఊరంతటి వాడకాన్ని మోడల్‌లో ముప్పై శాతం తక్కువ రాసుకుని, సి ని కూడా ముప్పై శాతం తక్కువ పెట్టామనుకోండి. ప్రతి గేజీ దగ్గరా ప్రెజరు చుక్క తేడా లేకుండా కలుస్తుంది. రెండు అబద్ధాలు కలిసి ఒక నిజంలా నిలబడతాయి. ఒట్టి ప్రెజరు కొలిచి, ప్రవాహం కొలవని క్యాలిబ్రేషన్‌లో ఈ రెండు అబద్ధాలను విడదీసే దారే లేదు. 1983లోనే థామస్ వాల్‌స్కీ వాడకాన్నీ గరుకుతనాన్నీ రెండింటినీ కలిపి సరిచూసే పద్ధతిని ప్రచురించాడు. మన నాగపూర్ ఆచార్యుడు ప్రమోద్ భవే 1988లో ఇదే అంశం మీద అమెరికన్ సివిల్ ఇంజనీర్ల పత్రికలో రాశాడు. తెలియక జరుగుతున్నదని చెప్పుకోవడానికి వీల్లేదు.

ఇంకో లెక్క. మ్యాపులో 150 మిల్లీమీటర్ల పైపు అని ఉంది. ఎప్పుడో గుత్తేదారు వేసింది 100 మిల్లీమీటర్లది. మోడల్‌లో 150 అలాగే ఉంచి, సి విలువ 130 బదులు 45 అని పెట్టండి. లెక్క అతికిపోతుంది. లేదా పైపు సరైనదే, వీధి మొగలో గేటు వాల్వు ముప్పాతిక మూసి ఉంది. దానికీ ఒక సి దొరుకుతుంది. మట్టిలో పూడిపోయి ఎవరికీ గుర్తులేని వాల్వుకూ ఒకటి దొరుకుతుంది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నాడట వెనకటికొకడు. సాఫ్ట్‌వేర్ అంతకంటే మర్యాదస్తుడు, ఆ దూడ బరువెంతో కూడా చెబుతుంది.

ఇప్పుడు ఆ నివేదిక పట్టుకుని పట్టణం ఏం చేస్తుంది? “ఈ కిలోమీటరు పైపు సి విలువ 45కి పడిపోయింది, మార్చాలి” అని అందులో ఉంటుంది. టెండరు పిలుస్తారు, రోడ్డు తవ్వుతారు, కొత్త పైపు వేస్తారు. మొగలోని వాల్వు మాత్రం ముప్పాతిక మూసే ఉంటుంది. చివరింటి ఆవిడ కడవ పట్టుకుని అదే కొళాయి దగ్గర అంతసేపే నిలబడుతుంది. ఆ వాల్వును పూర్తిగా తెరవడానికి పట్టేది ఒక మనిషి, ఒక ఇనుప కడ్డీ, పది నిమిషాలు. వంకరగా అతికిన ఎముక అంటే ఇదే.

“అలాంటి పిచ్చి అంకెలు మేం పెట్టం, 90కీ 130కీ మధ్యనే జరుపుతాం” అనేవాళ్ళున్నారు. సరే, అదీ చూద్దాం. 150 మిల్లీమీటర్ల పైపు, కిలోమీటరు పొడవు, సెకనుకు 3 లీటర్లు పారుతున్నాయి. సి 130 అయితే పీడన నష్టం సుమారు 0.28 మీటర్లు. సి 90 అయితే 0.56. రెంటికీ తేడా జానెడున్నర. మన గేజీ పదికేజీల డయలుది. ఒక శాతం మేలురకం అనుకున్నా దాని పొరపాటే మీటరు. జానెడున్నర తేడాను మీటరు తప్పే గేజీతో పట్టుకున్నామంటే నమ్మేదెవరు? అంత నెమ్మదిగా పారే వేళ కొలిస్తే ఏ సి పెట్టినా కలుస్తుంది. కలిసిందన్న మాటకు అక్కడ అర్థమే లేదు. అదే పైపులో సెకనుకు 12 లీటర్లు పారేటప్పుడు కొలవండి. నష్టం 3.7 మీటర్లా 7.3 మీటర్లా అన్నది నాసిరకం గేజీ కూడా చెబుతుంది. పైపును కష్టపెట్టి కొలవాలి. అమెరికాలో అందుకే అగ్నిమాపక హైడ్రెంటు తెరిచి ఎక్కువ నీళ్ళు పారించి చూస్తారు. మన వీధుల్లో పనిచేసే హైడ్రెంట్లు అరుదు కాబట్టి లైను చివర కడిగే వాల్వో, ట్యాంకర్లు నింపే పాయింటో తెరిచి ఆ పని చేయాలి. నివేదిక చేతికొచ్చినప్పుడు ఏ గంటలో, ఎంత ప్రవాహం మీద కొలిచారో వెతకండి. ఆ వివరం లేకపోతే గ్రాఫు అందం చూసి మురిసిపోవద్దు.

ఎత్తుల సంగతి మరీ అన్యాయం. నేల ఎత్తు ఒక మీటరు తప్పు రాస్తే ప్రెజరు ఒక మీటరు తప్పినట్టే. శేషాచలం పాదం నుంచి స్వర్ణముఖి వైపు వాలిపోయే తిరుపతిలాంటి ఊళ్ళో ఉపగ్రహ చిత్రాల నుంచి దించుకున్న ఎత్తులు మీటర్ల కొద్దీ తేడా కొట్టొచ్చు. ఆ తేడాను కూడా పాపం సి యే మోయాలి. ఎత్తులు కొలిచే డంపీ లెవెల్ పట్టుకుని వీధి వెంట నడిస్తే తీరిపోయే పేచీని గరుకుతనం నెత్తిన రుద్దడాన్ని మా వైపు కాకిలెక్క అంటారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ కలిపే పద్ధతి, ఈ తేడా హద్దులు పుట్టింది ఇరవై నాలుగ్గంటలూ కొళాయిలో నీళ్ళుండే ఊళ్ళలో. 1989 నాటి బ్రిటన్ ప్రమాణం కొలిచిన చోట్లలో 85 శాతం చోట్ల తేడా అరమీటరు దరిదాపుల్లో ఉండాలంది. అక్కడ పైపు ఎప్పుడూ నిండే ఉంటుంది, మనుషులు దాహమైనప్పుడు కొళాయి తిప్పుతారు. మన దగ్గర ఒక వీధికి పొద్దున, ఇంకో వీధికి రేపు. నీళ్ళు వదలగానే ఖాళీ పైపులో గాలి కక్కుతూ మొదలవుతుంది. ఉన్న కొళాయిలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. సంపు నిండేదాకా ఎవరూ కట్టరు. కొందరు లైనుకే మోటారు బిగించి లాగుతారు. ఇక్కడ వాడకం అవసరాన్ని బట్టి ఉండదు, అందిన ప్రెజరును బట్టి ఉంటుంది. పల్లంలోని ఇల్లు తాగి తాగి వదిలితే మెట్టలోని ఇంటికి మిగిలింది దక్కుతుంది.

మోడల్‌లో మాత్రం తలకు రోజుకు 135 లీటర్లని మాన్యువల్ నుంచి ఎత్తి రాస్తారు. మురుగునీటి పైపులున్న పట్టణాలకు కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ 1999లో పెట్టిన అంకె అది. అది ఇవ్వాల్సిన నీళ్ళ లెక్క, వీధి నిజంగా తీసుకుంటున్న నీళ్ళ లెక్క కాదు. పైగా ఈపీఎనెట్ పాత రూపాలు మీరు చెప్పిన నీళ్ళు ఆ ఇల్లు వాడేసిందనే మొదలుపెడతాయి. ప్రెజరు సున్నా కిందికి పోయినా సరే, నీళ్ళు అందాయనే లెక్క. ప్రెజరును బట్టి వాడకం తగ్గే లెక్క ఆ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా చేరింది 2020లో వచ్చిన 2.2 రూపంలోనే. తిరుపతికైతే యాత్రికుల గొడవ కూడా ఉంది. బ్రహ్మోత్సవాల వారం లాడ్జీలున్న వీధి వాడకం జనాభా లెక్కల పుస్తకంలో దొరకదు. వంతుల వారీ నీళ్ళున్న ఊరికి నిండు పైపుల ఊరి కొలబద్ద పట్టుకొచ్చి, అరమీటరులో కలిసిందని చెప్పడం నేల విడిచిన సాము.

ఆ కొలబద్ద కూడా అంత గుడ్డిది కాదు మరి. 1999లో అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ కమిటీ ఒకటి క్యాలిబ్రేషన్‌కు సూచనలు రాస్తూ, మోడల్‌ను దేనికి వాడతారన్న దాన్ని బట్టి ఖచ్చితత్వం మారాలంది. అందరికీ ఒకే హద్దు గీయలేదు. ఆ దేశంలోనే న్యూజెర్సీలో, టామ్స్ రివర్ ప్రాంతంలో పిల్లలకు క్యాన్సర్లు ఎందుకు ఎక్కువయ్యాయో తేల్చే దర్యాప్తుకు ఏ బావి నీళ్ళు ఏ ఇంటికి పోయాయో మోడల్‌తో తేల్చాల్సి వచ్చింది. 1998 మార్చిలో ఒకసారి, వాడకం పెరిగే ఆగస్టులో ఇంకోసారి, 25 హైడ్రెంట్ల దగ్గర ప్రెజరు రికార్డు చేసే పరికరాలు పెట్టి కొలిచారు. పిల్లల ప్రాణాల ప్రశ్న కాబట్టి బల్ల దగ్గర కూర్చుని సి ని జరిపి ఊరుకోలేదు. మన పిల్లలు తాగే నీళ్ళకు ఆ పట్టింపు ఎక్కువా?

దీనికి అవతలి పక్షం నుంచి మూడు జవాబులు వినిపిస్తాయి.

మొదటిది, “ఇప్పుడు సెన్సార్లు వచ్చేశాయి, కూర్చున్నచోటి నుంచే పంపులనూ ట్యాంకులనూ కనిపెట్టే స్కాడా ఉంది, మోడల్ తనంతట తానే సరిదిద్దుకుంటుంది” అని. సెన్సార్లను నేను వద్దనను. అయితే అవి సాధారణంగా కూర్చునేది పంపు దగ్గర, ట్యాంకు దగ్గర, పెద్ద లైన్ల మీద. చివరి సందులోని చివరి కొళాయి దగ్గర అరుదు. ఇక వేల సార్లు సి ని మార్చి మార్చి కలిపే కంప్యూటర్ పద్ధతులు మనిషి చేసే అబద్ధాన్నే వేగంగా చేస్తాయి. కావాలంటే చూడండి, 2010లో ఈ రంగం నిపుణులు ఒకే ఊరి వివరాలు అందరికీ ఇచ్చి క్యాలిబ్రేషన్ పోటీ పెట్టారు. 14 బృందాలు దిగాయి. కొలతలు అందరికీ ఒకటే, బృందాలు చెప్పిన పైపుల విలువలు మాత్రం వేరువేరు. కలపడం ఒక్కటే నిజానికి గుర్తయితే ఇన్ని జవాబులెక్కడివి?

రెండోది, “ముందు ఊరికి నీళ్ళు రానీండి, పంపకం సంగతి తర్వాత” అని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న మాట ఊరికే పుట్టలేదు. మన వైపునే పెద్ద పాఠం ఉంది. 1983లో మొదలైన తెలుగుగంగలో మద్రాసుకు కృష్ణ నీళ్ళు 15 టీఎంసీలని ఒప్పుకున్నారు. దారిలో మూడు పోయినా సరిహద్దు దగ్గర పన్నెండు అప్పజెప్పాలి. 1996లో నీళ్ళు మొదటిసారి మద్రాసు దగ్గరి పూండి జలాశయం చేరాయి. చేరవలసినన్ని చేరలేదు. కండలేరు నుంచి సరిహద్దుదాకా 152 కిలోమీటర్ల మట్టి కాలువలో ఊట పోయింది, గట్లు జారాయి. సత్యసాయి ట్రస్టు ముందుకొచ్చి ఆ కాలువకు లైనింగు చేయించాక, 2004 నుంచి ప్రవాహం పెరిగింది. కృష్ణలో కొత్తగా ఒక్క చుక్క పుట్టలేదు, నడుమ దారి బాగుపడింది. అదీ ఎలా కుదిరింది? సరిహద్దులోని జీరో పాయింటు దగ్గర కొలిచారు కాబట్టి ఎంత పోతోందో లెక్క తెలిసింది. రెండు రాష్ట్రాల మధ్య కొలిచే మనం రెండు వీధుల మధ్య కొలవం.

మూడోది, “ఊరంతా కొలవడానికి మనుషులేరీ, డబ్బేదీ, నివేదిక వచ్చే నెలకల్లా పోవాలి” అని. ఈ మూడింటిలో ఇదొక్కటే నిజాయితీ గల మాట. కానీ ఖర్చు ఎంతో చూడండి. ట్యాంకులోకి వచ్చే లైను కట్టేసి, కిందికి వదిలి, గంటలో నీటిమట్టం ఎంత దిగిందో చూస్తే చాలు. లోపలి వ్యాసం 8 మీటర్ల ట్యాంకులో గంటకు మీటరు దిగితే 50 వేల లీటర్లు, సెకనుకు 14 లీటర్లు పోయినట్టు. ప్రవాహం కొలవడానికి కొత్త మీటరు అక్కర్లేదు, ఒక టేపు చాలు. చివరి కొళాయి కింద 15 లీటర్ల బిందె పెట్టి గడియారం చూడటానికి ఇంటి ఆవిడ సాయం చాలు. నాలుగు గేజీలు, ఒక లెవెల్ పరికరం, నీళ్ళు వదిలే రెండు పూటలు. పైపులు మార్చడానికి పెట్టే డబ్బు ముందు ఇది లెక్కలోకి రాదు.

మనుషులు లేరన్నది మాత్రం సరికాదు. మా వైపు చెరువుల కింద నీరుగంటి అని ఒకడుండేవాడు. తూము ఎంత ఎత్తాలో, ఏ మడికి ముందు పారించాలో, టెయిలెండు రైతు ఎప్పుడు గొడవకొస్తాడో అన్నీ వాడికి తెలుసు. ఇప్పటి ఊళ్ళో ఆ కొలువు చేసేది నీళ్ళు వదిలే మనిషి. ఏ వాల్వు ఎన్ని తిప్పులకు పూర్తిగా తెరుచుకుంటుందో, ఏది రోడ్డు వేసినప్పుడు తారు కింద పోయిందో, మ్యాపులో లేని ఏ జాయింటు ఎప్పుడు వేశారో వాడి తలలో ఉంది. క్యాలిబ్రేషన్ చేసేవాళ్ళు ముందు కలవవలసింది ఆ మనిషిని, చివరికి కూడా కలవరు. అలాగని వాడు దేవుడేం కాదు. పలుకుబడి ఉన్న వీధికి నాలుగు తిప్పులు ఎక్కువ తిప్పమంటే తిప్పుతాడు, తప్పదు. అందుకే వాడి మాటను గేజీతోనూ, గేజీ మాటను వాడితోనూ సరిచూడాలి.

ఇదంతా పెద్ద పట్టణాల గొడవ అని మావంటి ఊళ్ళవాళ్ళు ఊరుకోవడానికీ లేదు. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌తో తలకు 55 లీటర్ల లెక్కన పల్లెల్లోనూ ఇంటింటికీ కొళాయి పెడుతున్నారు. కొళాయి ఉందా అన్నది సులువుగా లెక్కపెట్టొచ్చు. చివరి కొళాయిలో బిందె ఎన్ని నిమిషాలకు నిండుతుందో ఎవరో ఒకరు అక్కడ నిలబడితే గానీ తెలియదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మోడల్‌తో కలవని చోటును చూసి భయపడటం మానండి. ఆ చోటే మోడల్ మనకిచ్చే ఫలం. మిగతా చోట్లన్నీ మనకు ముందే తెలిసినదాన్ని చెబుతున్నాయి, అది మాత్రం తెలియనిదాన్ని చెబుతోంది: ఇక్కడ వాల్వు మూసుంది, ఇక్కడ పైపు వేరేది, ఇక్కడ ఎవడో మోటారు పెట్టాడు, ఇక్కడ భూమిలోకి కారిపోతోంది. సి ని జరిపితే ఆ మాట నొక్కేసినట్టు. గరుకుతనం అంకెను ముట్టుకునే ముందు వాల్వులు, వ్యాసాలు, ఎత్తులు, వాడకం ఈ వరసలో నేల మీద చూసి రావాలి. కొలిచిన వాటిలో సగం పక్కన పెట్టి, మోడల్ కట్టడం అయ్యాక వాటితో పరీక్షించాలి. సరిపెట్టడానికి వాడిన కొలతతోనే సరిపోయిందని చెప్పడం తన పేపరు తానే దిద్దుకోవడం.

నివేదికలో చివర అతికించే గ్రాఫు ఉండనీండి. మొదటి పుటలో మాత్రం ఒక పట్టిక రావాలి: ఎక్కడెక్కడ కలవలేదు, అక్కడ వెళ్ళి చూస్తే ఏం దొరికింది. ఆ పట్టిక లేకుండా, అన్నీ చక్కగా కలిశాయని రాసి, సంతకానికి తెచ్చిన నివేదిక ఏ కమిషనర్ బల్ల మీద పడినా ఆయనకు హైడ్రాలిక్స్ రావలసిన పని లేదు. పుత్తూరులో ఎవరినైనా అడిగితే ఏ ప్రశ్న వేయాలో చెబుతారు. కట్టడం సరేనయ్యా, ముందు తడిమారా?